జ్వాలయందు లోహములను చూచిన బున్సెన్

నిగనిగలాడు పండునందును, లేత ఆకుకూరయందును సీసము, కాడ్మియము వంటి విషలోహములు లేశమాత్రముగా దాగియుండవచ్చును. అవి కంటికి కానరావు; నాలుకకు తెలియరావు. అట్టి లేశమును సైతము కనుగొనుటకు మార్గము చూపిన మహనీయులలో రాబర్ట్ బున్సెన్ ముఖ్యుడు.

బున్సెన్ 1811వ సంవత్సరమున జర్మనీ దేశమందలి గొట్టింగెన్ పట్టణమున జన్మించెను. రసాయనశాస్త్రము నభ్యసించి, యౌవనమునందే ఆర్సెనిక్ అను పాషాణమును గూర్చి పరిశోధింప బూనెను. 1834లో బెర్తోల్డ్ అను వైద్యునితో కూడి, ఆ విషమునకు ఇనుముతో చేసిన విరుగుడును కనిపెట్టెను. పిదప ఆర్సెనిక్ సమ్మేళనములను పరీక్షించుచుండగా పాత్ర ప్రేలి, ఆయన కుడికంటి చూపు పోయెను. విషము సోకి ప్రాణాపాయ స్థితి కూడ కలిగెను. అయినను ఆయన శాస్త్రమును విడువలేదు.

1852లో బున్సెన్ హైడెల్బర్గ్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. 1855లో వేడి మిక్కిలిగా నుండి, రంగు లేని మంట నిచ్చు దీపమును దెసాగా అను పనివానిచే చేయించెను. నేడు పాఠశాలల ప్రయోగశాలలలో కనబడు బున్సెన్ బర్నరు అదియే. దానిపై ఆయన పేటెంటు హక్కును కోరలేదు.

ఆ మంటలో లవణము నుంచినచో, అందలి లోహమును బట్టి మంటకు రంగు వచ్చును. కాని పెక్కు లోహములు కలిసియున్నపుడు రంగులును కలిసిపోవుచుండెను. అంతట మిత్రుడైన కిర్కాఫ్ ఆ వెలుగును గాజు పట్టకము గుండ చూడవలెనని సూచించెను. అట్లు చూడగా ప్రతి లోహమునకును దానికే చెందిన రేఖలు వేఱువేఱుగా కనబడెను. మిల్లీగ్రామునందు ముప్పదిలక్షలవ వంతు సోడియమును గూడ వారు గుర్తింపగలిగిరి. 1860లో డర్క్‌హైమ్ ఊటనీటియందు ఎవరు నెఱుగని నీలిరేఖలు కనబడెను. బున్సెన్ 40,000 లీటర్లకు పైగా నీటిని ఇగిర్చి, కొలదిగ్రాముల లవణమును రాబట్టి, అది సీసియమను క్రొత్త లోహమని నిరూపించెను.

ఆయన 1899లో పరమపదించెను. 1955లో ఆస్ట్రేలియాలో అలన్ వాల్ష్ ఈ మార్గమునే ముందునకు నడపెను. నేడు కూరగాయలను ఎండబెట్టి, తూచి, ఆమ్లమున కరిగించి, ఆ ద్రవమును మంటలోనికి చిమ్మి, దానిగుండ పంపిన వెలుగులో ఎంత తగ్గినదో చూచి లోహమును కొలుచుచున్నారు. మట్టినుండియు, మురికినీటినుండియు పైరున కెక్కిన సీసము ఇట్లు బయటపడుచున్నది. సీసమువలన బాలురకే హాని అధికము గనుక ఈ కొలత మిక్కిలి అవసరము. విషమును శోధించుచు ఒక కంటిని గోల్పోయిన బున్సెన్, ఆ విషమును కనుగొను చూపును లోకమున కొసగెను.