రెండు కొలువులు.. ముందే షరతులు

బీటెక్ అయ్యాక ఉద్యోగమా, పీహెచ్‌డీయా? మీలో చాలామందిని నలిపేస్తున్న ప్రశ్నే ఇది. రెండూ ఒకేసారి చేస్తానంటే ‘రెండు పడవల మీద కాళ్లు’ అని నవ్వేస్తారు. సూళ్లూరుపేట నుంచి పులికాట్ సరస్సు మీదుగా శ్రీహరికోట వెళ్తే అక్కడి రాకెట్ కేంద్రానికి ఒక పేరుంటుంది. ఆ పేరుగల మనిషి రెండు పడవల మీదే తొమ్మిదేళ్లు నడిచారు. ఆయనే సతీశ్ ధవన్.

1920 సెప్టెంబరు 25న శ్రీనగర్‌లో పుట్టారు. చదువు లాహోర్‌లో. ఆయన రెజ్యుమె చూస్తే ఇప్పటి హెచ్‌ఆర్‌లు కంగారు పడతారేమో! మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఏ, ఇంగ్లిష్ సాహిత్యంలో ఎంఏ, ఆ తర్వాత 1945లో మెకానికల్ ఇంజినీరింగ్. వెంటనే పరిశోధనకు వెళ్లిపోలేదు. బెంగళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో కొంతకాలం పనిచేశారు. ఫ్యాక్టరీ చూశాకే అమెరికా వెళ్లారన్నమాట. మిన్నెసోటాలో ఎంఎస్, 1951లో కాల్‌టెక్ నుంచి పీహెచ్‌డీ.

ఆ పీహెచ్‌డీ టాపిక్ గమనించండి. వేగంగా వెళ్లే గాలి ఒక ఉపరితలాన్ని రాసుకుంటూ పోతే పుట్టే ఘర్షణను నేరుగా కొలవడం. ఉపరితలంలో ఓ చిన్న ముక్కను కాస్త కదిలేలా విడిగా అమర్చి, గాలి దాన్ని ఎంత బలంగా లాగుతోందో చూడాలి. పరిశోధనే, కానీ విమానం తయారుచేసేవాడికి రేపు పనికొచ్చే కొలత.

అదే ఏడాది బెంగళూరు ఐఐఎస్‌సీలో చేరారు. సూపర్‌సోనిక్ విండ్ టన్నెల్ కట్టారు. 1962లో డైరెక్టరయ్యారు.

1971 డిసెంబరు 30న విక్రమ్ సారాభాయ్ హఠాత్తుగా చనిపోయారు. ఇస్రోకి కొత్త సారథి కావాలి. ధవన్ అప్పుడు సెలవు మీద కాల్‌టెక్‌లో ఉన్నారు. ఇందిరాగాంధీ నుంచి కబురొచ్చింది. ఎగిరి గంతేసి ఒప్పుకోలేదాయన. ఐఐఎస్‌సీ డైరెక్టర్ పదవి వదలను, ఇస్రో ప్రధాన కార్యాలయం బెంగళూరులోనే ఉండాలి అన్నారు. ప్రభుత్వం సరేనంది. 1972 సెప్టెంబరులో బాధ్యతలు తీసుకున్నారు.

ఆ రెండో షరతు నాకు భలే నచ్చుతుంది. రెండు పనులూ ఒకే ఊళ్లో ఉంటే సగం అలసట పోయినట్టే. మిగతా సగాన్ని మనుషులకు అప్పగించారు. తిరువనంతపురంలోని రాకెట్ కేంద్రానికి లోహశాస్త్రవేత్త బ్రహ్మప్రకాశ్‌ను డైరెక్టర్‌గా తెచ్చారు. ఎస్‌ఎల్‌వీ-3 ప్రాజెక్టును అబ్దుల్ కలాం చేతిలో పెట్టారు.

ప్రధాని పిలిస్తే షరతులు పెట్టొచ్చు, ఫ్రెషర్ మాట ఎవరు వింటారు అంటారా? నిజమే. ధవన్ వెనుక ఇరవై ఏళ్ల పని ఉంది. కానీ మీకూ ఒక కాగితం ఉంది: ఎన్‌వోసీ. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయొచ్చు. కాకపోతే పార్ట్‌టైమ్‌గా చదివేందుకు అనుమతి ఉందని, పరిశోధనకు తగినంత సమయం దొరుకుతుందని, అవసరమైతే కోర్సువర్క్ కోసం రిలీవ్ చేస్తామని మీ సంస్థ రాసివ్వాలి. వ్యవధి కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. ధవన్ నడిపిన ఐఐఎస్‌సీలోనే ఉద్యోగుల కోసం ఎక్స్‌టర్నల్ రిజిస్ట్రేషన్ పద్ధతి ఉంది. అడ్మిషన్ వచ్చాక మేనేజర్ చుట్టూ తిరగడం కన్నా, ఆఫర్ చేతికొచ్చినప్పుడే ఈ సంగతి అడిగేయండి. కాదన్నారా, చేరాలో వద్దో మీకే తెలుస్తుంది. టాపిక్ కూడా ఆఫీసు పనికి పక్కింట్లో ఉండేలా చూసుకోండి. పగలు పేమెంట్ యాప్ కోడింగ్, రాత్రి నానో మెటీరియల్స్ అంటే రెండేళ్లకే చేతులెత్తేస్తారు.

1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి లేచిన ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంలో పడింది. ఆ రోజు విలేకరుల ముందు బాధ్యత ధవనే తీసుకున్నారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లాక మాత్రం కలాంను ముందుకు పంపారు. ఈ కథ మీరు వందసార్లు విని ఉంటారు. ఆ రెండు రోజుల్లోనూ ఆయన ఐఐఎస్‌సీ డైరెక్టర్ కూడానని మాత్రం ఎవరూ చెప్పరు.

1981లో ఐఐఎస్‌సీ నుంచి, 1984లో ఇస్రో సారథ్యం నుంచి తప్పుకున్నారు. తర్వాత పక్షుల మీద పడ్డారు. మన పులికాట్ పక్షులంటే ఆయనకు ఇష్టం. పక్షులు ఎలా ఎగురుతాయో వివరిస్తూ 1991లో ఓ పుస్తకమే రాశారు. గాలి, రెక్క, ఘర్షణ.. కాల్‌టెక్‌లో పట్టుకున్న సబ్జెక్టే. 2002 జనవరి 3న కన్నుమూశారు. అదే ఏడాది సెప్టెంబరులో శ్రీహరికోట కేంద్రానికి ఆయన పేరు పెట్టారు.