డిచ్‌పల్లి దొరసానమ్మ

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్.బి.నగర్ వైపు వెళ్తుంటే చైతన్యపురి తర్వాత విక్టోరియా మెమోరియల్ స్టేషన్ వస్తుంది. ఆ పేరు వినగానే నాకు ఎక్కడో నిజామాబాద్ దగ్గరున్న డిచ్‌పల్లి గుర్తొస్తుంది. రెండింటికీ పేరు తప్ప సంబంధమేమీ లేదు. ఇక్కడ సరూర్‌నగర్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ తన భవనాన్ని అనాథ పిల్లలకి ఇచ్చేసి, 1901లో చనిపోయిన విక్టోరియా రాణి పేరు పెట్టాడు. అక్కడ డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి పేరు కూడా విక్టోరియానే.

మా పిన్ని వాళ్లది నిజామాబాద్. చిన్నప్పుడు వేసవి సెలవులకి బస్సులో వెళ్లేవాళ్లం. డిచ్‌పల్లి వస్తోందనగానే అమ్మమ్మ నా వైపు కిటికీ అద్దం దించేసేది. పెద్దరోగం వాళ్ల ఆస్పత్రి, గాలి తగలకూడదట. చెమటలు కారుతున్నా సరే, ఊరు దాటేదాకా అద్దం తియ్యనిచ్చేది కాదు. రామాలయం చూడ్డానికి మాత్రం అదే ఊళ్లో దిగేవాళ్లం. అప్పుడు గాలి తగిలేది కాదు కాబోలు!

ఆ ఆస్పత్రి ఎవరు కట్టారో చాలా ఏళ్లు నేను అడగలేదు. రెండేళ్ల క్రితం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి వల్ల తెలుసుకోవలసి వచ్చింది. అది తర్వాత చెప్తాను.

ఆమె పేరు ఇసబెల్. 1875లో స్కాట్లాండ్‌లో పుట్టింది. ఆ దేశపు విశ్వవిద్యాలయాలు ఆడపిల్లలకి తలుపులు తెరిచి పట్టాలివ్వడం 1892 నుంచే మొదలైంది. అంతకు ముందు ఎడిన్‌బరోలో వైద్యం చదవబోయిన ఆడవాళ్లని పట్టా ఇవ్వకుండా పంపేశారు. ఇసబెల్ అబెర్డీన్‌లో చదివి 1903లో డాక్టరైంది. ఆ ఏడాదే జార్జ్ కెర్ అనే వెస్లియన్ మెథడిస్టు పాస్టరుని పెళ్లాడింది. 1907లో ఇద్దరూ ఓడెక్కి మన నిజాం రాజ్యానికి వచ్చారు. అప్పటికామెకి 32 ఏళ్లు. ఇంకో 25 ఏళ్లు ఇక్కడే గడిపి, ఇక్కడే ముసలివాళ్లవుతారని అప్పుడనుకుని ఉంటారా?

వాళ్ల మిషనే మెదక్‌లోనూ పనిచేసేది. 1924లో మెదక్ చర్చి కట్టి ముగించిన పోస్నెట్ దొరది కూడా ఇదే సంఘం. మెదక్ చర్చి అందరికీ తెలుసు, చూసి ఫొటోలు తీసుకుంటాం. డిచ్‌పల్లి ఎంతమందికి తెలుసు?

ఆ రోజుల్లో మిషనరీ భార్య అంటే భర్తకి తోడొచ్చిన మనిషనే లెక్క. సాధారణంగా జీతం ఆయనకే. ఆవిడ డాక్టరైనా ఇంటి పని, అతిథుల పని, ప్రార్థన కూటాల పని ఆవిడదే, వైద్యం దానికి అదనం. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మనకేమీ కొత్త కాదు కదా.

నిజామాబాద్‌లో ఆమె వైద్యం మొదలుపెడితే కుష్ఠు రోగులు రాసాగారు. వాళ్లని ఉంచడానికి చోటు లేదు. మామూలు రోగుల పక్కన పడుకోబెడితే మిగతావాళ్లు లేచి వెళ్లిపోతారు. ఇంటికి పంపుదామంటే ఇల్లే వాళ్లని వెళ్లగొట్టింది. 1898 నాటి చట్టం ఒకటుండేది, బ్రిటిష్ ఇండియాలో వీధుల్లో తిరిగే బీద కుష్ఠు రోగిని పట్టుకుని ఆశ్రమంలో పెట్టెయ్యొచ్చు. అంటే పోలీసులకి పని, డాక్టరుకి కాదు. ఆ చట్టాన్ని మన దేశం పూర్తిగా రద్దు చేసింది 2016లో!

చోటు కావాలి, డబ్బు కావాలి. ఆ సమయంలో ఆదుకున్నది రాజా నర్సాగౌడ్ అనే నిజామాబాద్ ధనవంతుడు. ముస్లిం రాజు ఏలుబడిలో, క్రైస్తవ మిషన్ వాళ్లు కట్టే ఆస్పత్రికి, ఒక హిందువు విరాళం. ఇప్పుడు ఇలాంటి మాట రాస్తే కథ అల్లారంటారు. ఆ విరాళంతో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆస్పత్రి 1915లో మొదలైంది. వీళ్లు వచ్చింది మతప్రచారానికే, అందులో దాపరికమేమీ లేదు. దాని మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ పుండు కడగడానికి మాత్రం ఆమె మతం అడగలేదనే నేననుకుంటాను, అడిగితే నర్సాగౌడ్ లాంటివాడు డబ్బిచ్చేవాడు కాదు.

ఇక మందు సంగతి. కుష్ఠుకి కారణం సూక్ష్మక్రిమి అని నార్వేలో హాన్సెన్ 1873లోనే కనిపెట్టాడు. పాపఫలం కాదు, వంశం శాపం కాదు అని అప్పుడే తేలింది. కానీ ఆ క్రిమిని చంపే మందు లేదు. ఉన్నదల్లా చాల్‌మొగ్రా జాతి గింజల నూనె. మన ఆయుర్వేదంలో తువరక అంటారే, అదే కుటుంబం. తాగితే కడుపులో తిప్పి వాంతి అవుతుంది. సూదితో ఎక్కిస్తే చిక్కటి నూనె కండలో గడ్డకట్టి నొప్పి. దాన్ని ఒంటికి పట్టేలా మార్చే పద్ధతి 1915-16 ప్రాంతంలో హవాయి దీవుల్లో ఆలిస్ బాల్ అనే నల్లజాతి అమ్మాయి కనిపెట్టింది. 24 ఏళ్లకే చనిపోయింది. ఆ పేరు కొట్టేసింది ఆమె పై అధికారి. ఆలిస్ పేరు పైకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

మన దేశంలో కలకత్తాలో లెనార్డ్ రోజర్స్, ఎర్నెస్ట్ మ్యూర్ ఈ నూనె ఇంజక్షన్ల మీద పనిచేశారు. ఇసబెల్ ఆ పద్ధతి డిచ్‌పల్లికి తెచ్చింది. మ్యూర్ చెప్పేదేమిటంటే, ముందు రోగి ఒంట్లో ఉన్న మలేరియా, కొంకిపురుగులు లాంటివి వదిలించాలి, కడుపునిండా తిండి పెట్టాలి, ఒళ్లు వంచి పని చేయించాలి, ఆ తర్వాతే ఇంజక్షన్ పనిచేస్తుంది. ఇదంతా వినడానికి తేలికే. వందల మందికి, వారం వారం, నెలలూ సంవత్సరాలూ సూది గుచ్చడం అంటే ఏమిటో ఆలోచించండి. డిస్పోజబుల్ సిరంజీలు లేవు, ప్రతిదీ మరిగించాలి. స్పర్శ లేని కాళ్లకి ముల్లు గుచ్చుకున్నా తెలీదు, రోజూ పాదాలు చూసి కట్లు కట్టాలి. కరెంటు లేదు, నిజామాబాద్ ఎండలు మనకి తెలియనివా!

కట్టడాలు, లెక్కలు, విరాళాల ఉత్తరాలు, ప్రార్థనలు జార్జ్ పాలు. వైద్యం ఈమె పాలు. వాళ్లిద్దరూ రాత్రి భోజనాల దగ్గర ఏం మాట్లాడుకునేవారా అని నాకు కుతూహలం. ఎవరికి మచ్చ తగ్గింది, ఏ గది కప్పు కారుతోంది, ఇవే అయ్యుంటాయి. కథలు రాసేదాన్ని కాబట్టి ఇంకో నాలుగు మాటలు కల్పించగలను కానీ ఇది కథ కాదు.

1923లో ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకమిచ్చింది. బయటి డాక్టర్లు వచ్చి ఇక్కడి పద్ధతి చూసి వెళ్లేవారు. జాన్ లో అనే యువ డాక్టరు వచ్చి డిచ్‌పల్లిలో పనిచేశాడు. ఆయన్ని గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా పనిమనిషి, పేరు రాయను, నాకన్నా అయిదారేళ్లు పెద్దది. నన్ను అక్కా అనే పిలుస్తుంది. ఒకరోజు స్టవ్ మీదున్న పాలగిన్నెని మసిగుడ్డ లేకుండా ఎడమచేత్తో దించేసింది. నేను కేకేశాను. ఆమె మాత్రం తాపీగా గిన్నె గట్టు మీద పెట్టి, వేళ్లు చూసుకుంది. బొబ్బలొచ్చాయి, నొప్పి లేదట. మణికట్టు పైన రాగిరంగు మచ్చ. దురద లేదు, గిల్లినా తెలీదు. ప్రభుత్వాసుపత్రికి వెళ్తే అదేనన్నారు. మాత్రలు ఉచితంగా ఇచ్చారు, 12 నెలలు వాడమన్నారు. మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇతరులకి అంటదని కూడా చెప్పారు.

నేను డిగ్రీ చదివిన మనిషిని. ఆ సాయంత్రమే ఆమె టీ తాగే గ్లాసు తీసి విడిగా, కిటికీ మీద పెట్టాను. ఆమె చూసింది. ఏమీ అనలేదు. మర్నాడు వచ్చి టీ వద్దంది, ఇంట్లో తాగొచ్చానంది. ఆ తర్వాత మా ఇంట్లో ఎప్పుడూ టీ తాగలేదు.

మావారితో కూడా నేనీ మాట చెప్పలేదు. అమ్మమ్మ బస్సు అద్దం దించినట్టే నేనూ చేశానని తెలిసి, డిచ్‌పల్లి గురించి చదవడం మొదలుపెట్టాను.

చదివితే ఇంకో విషయం తెలిసింది. 1955 హిందూ వివాహ చట్టంలో భార్యకో భర్తకో కుష్ఠు ఉంటే విడాకులు తీసుకోవచ్చని ఉండేది. మందు దొరికి, రోగం పూర్తిగా నయమవుతున్న కాలంలో కూడా అది అలాగే ఉండిపోయింది. 2019లో తీసేశారు. మగాడికొస్తే భార్య కట్టు కట్టి అన్నం పెడుతుంది. ఆడదానికొస్తే ఎక్కడికి పంపుతారో చెప్పక్కర్లేదు. మా ఆమె కూడా ఇంట్లో మాత్రల పట్టీని బియ్యం డబ్బాలో దాచి వాడింది. భర్తకి రక్తం మాత్రలని చెప్పిందట.

ఇసబెల్ 1932లో డిచ్‌పల్లిలోనే చనిపోయింది. అరవై కూడా నిండలేదు. నిజం చెప్పాలంటే, ఆమె నమ్ముకున్న నూనె గొప్ప మందేమీ కాదు. కొందరికి మచ్చలు తగ్గాయి, చాలామందికి మళ్లీ తిరగబెట్టింది. ఇప్పుడు దాన్ని ఎవరూ వాడరు. అసలు మందు డాప్సోన్ 1940ల్లో వచ్చింది. మాత్రగా మింగితే చాలని ఆఫ్రికాలో, నైజీరియాలోని ఉజుఆకోలి అనే చోట పరీక్షించి చూపించినవాళ్లలో ముఖ్యుడు జాన్ లో. గుర్తుపెట్టుకోమన్నానే, ఆయనే. డిచ్‌పల్లిలో నూనె సూదులు గుచ్చిన చేతులవి. 1980ల నుంచి మూడు మందులు కలిపి ఇస్తున్నారు, మా ఆమె వాడినవి అవే. అయినా మన దేశంలో ఇప్పటికీ ఏటా లక్షకు పైగా కొత్త కేసులు బయటపడుతున్నాయి.

మా ఆమె కోర్సు పూర్తయింది. మచ్చ మానింది, రెండు వేళ్లకి స్పర్శ రాలేదు. మసిగుడ్డ మర్చిపోవద్దని నేను రోజూ చెప్తాను, ఆమె రోజూ మర్చిపోతుంది. మొన్న మళ్లీ టీ పెట్టి ఇచ్చాను, మా గ్లాసులోనే. తీసుకుని, చల్లారిందాకా చేతిలో పట్టుకుని, సింకులో పారబోసి గ్లాసు కడిగి పెట్టి వెళ్లింది. నేనూ ఏమీ అనలేదు.

ఇసబెల్ పోయాక జార్జ్ వెంటనే దేశం వెళ్లిపోలేదు. ఇంకో ఆరేళ్లు ఆ ఆస్పత్రిలోనే ఉన్నాడు. ఆమె చూసిన రోగుల మధ్య, ఆమె లేకుండా. 1907లో ఇద్దరూ కలిసి వచ్చారు, 1938లో ఆయనొక్కడే స్కాట్లాండ్ తిరిగి వెళ్లాడు.