పిడుగు పడని గాలిపటం

బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఎగరేసిన గాలిపటం మీద పిడుగు పడిందనీ, అలా ఆయన విద్యుత్తును కనిపెట్టారనీ చాలామంది అనుకుంటారు. రెండూ నిజం కావు. పిడుగే పడి ఉంటే ఆయన ఆ రోజు బతికి బయటపడటం కష్టమే. ఇక గాజు గొట్టాన్ని రుద్ది నిప్పురవ్వలు రప్పించడం అప్పటికే యూరప్‌లో ఒక వేడుక.

ఫ్రాంక్లిన్ 1706 జనవరి 17న అమెరికాలోని బోస్టన్‌లో పుట్టారు. సబ్బులు, కొవ్వొత్తులు తయారుచేసే తండ్రికి పదిహేనో సంతానం. బడి చదువు రెండేళ్లే. అన్న అచ్చుకూటంలో పని నేర్చుకుని, పదిహేడో ఏట ఫిలడెల్ఫియాకు పారిపోయారు. అక్కడ సొంత అచ్చుకూటంతో బాగా సంపాదించి, 42 ఏళ్లకే దాన్ని భాగస్వామికి అప్పగించి ప్రయోగాల్లో పడ్డారు. మీ పుస్తకాల్లోని ధనావేశం, ఋణావేశం అన్న విభజన ఆయన చేసిందే.

గాజు నుంచి వచ్చే రవ్వకూ మెరుపుకూ ఆయనకు పోలికలు కనిపించాయి. అదే వెలుగు, అదే వంకర దారి, అదే చిటపట. మరి మేఘంలో ఉన్నదీ విద్యుత్తేనా?

1752 జూన్‌లో పట్టు రుమాలుతో గాలిపటం కట్టారు. దాని పైన మొనదేలిన తీగ, కింద జనపనార దారం, దారం చివర తాళంచెవి. చేత్తో పట్టుకోవడానికి పట్టు రిబ్బను. అది తడిస్తే ప్రాణానికే ముప్పు కనుక కప్పు కింద నిలబడ్డారు. తోడు వచ్చిన కొడుకు విలియమ్‌ను బొమ్మల్లో చిన్నపిల్లాడిలా గీస్తారు గానీ, అప్పటికి ఇరవై దాటిన యువకుడు.

కాసేపటికి దారం పోగులు నిక్కబొడుచుకున్నాయి. తాళంచెవి దగ్గరికి వేలికణుపు చేర్చగానే రవ్వ ఎగిరింది!

ఉరుముల మేఘంలో మంచు పలుకులు, మెత్తని వడగళ్లు ఢీకొన్నప్పుడు ఆవేశాలు వేరవుతాయి. మామూలుగా మేఘం అడుగున ఋణావేశం చేరుతుంది. దాని ప్రభావమే తడిదారం గుండా తాళంచెవి దాకా వచ్చింది. మంచు పలుకుల సంగతి తర్వాతివారు తేల్చారు. మేఘాల అడుగున ఎక్కువగా ఋణావేశమే ఉంటుందని మాత్రం ఫ్రాంక్లినే ఇంటిమీద ఇనుప కడ్డీ నిలిపి పరీక్షించి చెప్పారు.

మరుసటి ఏడాది రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జార్జ్ రిచ్‌మన్ అనే శాస్త్రవేత్త ఇలాగే మేఘాల విద్యుత్తును కొలవబోయి పిడుగుకు బలయ్యారు. ఆయన కడ్డీ పైకప్పు నుంచి గదిలోకి వచ్చి అక్కడే ఆగిపోయింది, నేలలోకి దిగలేదు. భవనాల రక్షణకు ఫ్రాంక్లిన్ సూచించిన కడ్డీ భూమిలోకి దిగి, పిడుగును అటే పంపేస్తుంది. దాన్నే తటిద్వాహకం అంటాం.

దానికి ఆయన పేటెంట్ తీసుకోలేదు. ఎవరైనా చేయించుకోవచ్చు. 1790 ఏప్రిల్ 17న ఫిలడెల్ఫియాలో ఆయన కన్నుమూసేనాటికి అమెరికాలోనూ యూరప్‌లోనూ ఎన్నో భవనాల మీద ఆ కడ్డీలు నిలిచి ఉన్నాయి.