రోనాల్డు రాస్

మన సికింద్రాబాదు పేరును వైద్యశాస్త్ర చరిత్రలో నిలిపిన రోనాల్డు రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన ఆల్మోరాయందు జన్మించెను. కవిత్వముపై మనసున్నను, తండ్రి కోరిక మేరకు వైద్యము నభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసున ప్రవేశించెను.

విక్టోరియా రాణి వజ్రోత్సవము జరిగిన 1897వ సంవత్సరముననే ఆయన బేగంపేటలో మలేరియా జ్వరమునకు మూలమును వెదకుచుండెను. చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టినను పని మానలేదు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుడు దోమలచే కుట్టించుకొని, దోమకొక అణా చొప్పున పది అణాలు పుచ్చుకొనెను. 20వ తేదీన ఆ దోమలలో నొకదాని కడుపునందు రాస్ జ్వరక్రిమిని కనుగొనెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. 1932లో మరణించెను.

దయాధర్మములను, కర్తవ్యమును అంతగా బోధించిన ఆ యుగమునకు ఈ అణాల బేరము తప్పుగా తోచలేదు. రాస్ కృషిని మేము తక్కువ చేయము; ఎన్ని ప్రాణములు దానివలన నిలిచినవో! అయినను రోగియైన బీదవాడు కాదనగలిగెడివాడా? ఇన్నేండ్లుగా మేము తరగతిలో రాస్ జన్మదినమును వల్లె వేయించితిమేకాని హుసేన్ ఖాన్ పేరెత్తలేదు. ఆ పేరైనను రాస్ వ్రాసియుంచుటచేతనే మనకు దక్కినది.