గేయకర్త హామర్‌స్టైన్

అమెరికా దేశమునందలి న్యూయార్కు మహానగరమున బ్రాడ్వే యను రాజవీథి కలదు. దాని పరిసరములయందు ఒకదాని ప్రక్క నొకటిగా నాటకశాలలు వెలసియున్నవి. అచ్చట ప్రదర్శింపబడు సంగీత నాటకములలో నటులు మాటలాడుచు మాటలాడుచు పాట నెత్తుకొందురు. పాట ముగియునప్పటికి కథ ఒక అడుగు ముందునకు సాగియుండును. నేడు ఈ పద్ధతి అందరకును సహజముగా తోచును. నూరు సంవత్సరములకు పూర్వము అట్లుండలేదు. నాడు పాట వేరు, కథ వేరు. హాస్య సంభాషణల నడుమ చక్కని పాటలను పొదుగుచుండిరి. ఒక నాటకములోని పాటను తీసి మరియొక నాటకమున చేర్చినను చూచువారికి లోపము కనిపించెడిది కాదు. ఈ స్థితిని మార్చి, పాటను పాత్ర హృదయమునుండి పుట్టించిన వారిలో అగ్రగణ్యుడు రెండవ ఆస్కార్ హామర్‌స్టైన్.

ఆయన 1895వ సంవత్సరము జూలై 12వ తేదీన న్యూయార్కులో జన్మించెను. తాతగారి పేరే మనుమనికి పెట్టబడెను. ఆ తాత ప్రష్యానుండి వలస వచ్చి, చుట్టల కర్మాగారమున కూలిగా పనిచేసి, చుట్టలు చేయు యంత్రములను కల్పించి ధనమార్జించెను. ఆ ధనమును సంగీత నాటకశాలలు కట్టించుటకు వెచ్చించెను. తండ్రి విలియం కూడ నాటకశాల నిర్వాహకుడే. అయినను లాభనష్టముల నడుమ ఊగులాడు ఆ వృత్తి తన కుమారునకు వలదని ఆయన తలంపు. ఆస్కారునకు పదునైదవ యేట తల్లి మరణించెను. 1914లో తండ్రియు గతించెను. తండ్రి కోరిక ననుసరించి ఆ యువకుడు కొలంబియా విశ్వవిద్యాలయమున చేరి న్యాయశాస్త్రము చదువసాగెను. కాని మనస్సు విద్యార్థుల నాటకములయందే లగ్నమైయుండెను. తుదకు చదువు మాని, 1917లో పినతండ్రియైన ఆర్థరు నాటకసంస్థలో రంగస్థల సహాయ నిర్వాహకుడుగా చేరెను.

అచ్చట ఆయనకు లభించిన గురువు ఆట్టో హార్బాక్ అను రచయిత. వయస్సున ఇరువదేండ్లకు పైగా పెద్దవాడైనను, హార్బాక్ ఆ యువకుని తనతో సమానముగా చూచుకొనెను. కథనంతయు ఆలోచించుకొనక కలము పట్టరాదని నేర్పెను. ఈ పాఠమును హామర్‌స్టైన్ ఎన్నడును మరువలేదు.

1927వ సంవత్సరము డిసెంబరు 27వ తేదీన ‘షో బోట్’ అను నాటకము బ్రాడ్వేలో ప్రదర్శింపబడెను. ఎడ్నా ఫెర్బరు రచించిన నవల దానికి మూలము. సంగీతము జెరోమ్ కెర్న్‌ది. సంభాషణలు, పాటలు హామర్‌స్టైన్‌వి. మిసిసిపీ నదిపై ఊరూర తిరుగు నాటకపు ఓడలోని జనుల సుఖదుఃఖములే ఇందలి కథ. నాటి సంగీత నాటకములందు విలాసమే ప్రధానముగా ఉండగా, ఇందు నల్లజాతి కూలీల కష్టములును, వర్ణభేదము వలన విచ్ఛిన్నమైన ఒక దాంపత్యమును చోటుచేసికొనెను. బరువులు మోయు కూలి యొకడు, మానవుల బాధలను పట్టించుకొనక సాగిపోవు నదిని చూచి పాడుపాట నాటకమునకు ప్రాణమైనది. ఆ పాటను పెరికి వేరొక నాటకమున నాటుట అసాధ్యము.

విజయము వెంట విజయమే వచ్చునని ఎవరు చెప్పగలరు? తరువాత దాదాపు పది సంవత్సరముల కాలము హామర్‌స్టైన్‌కు గడ్డుకాలమైనది. లండనులోను, హాలీవుడ్డులోను, స్వనగరములోను చేసిన ప్రయత్నములు పెక్కు విఫలములయ్యెను. 1939లో వచ్చిన ఒక నాటకము 59 ప్రదర్శనలతో ఆగిపోయెను. 1941లో వచ్చిన ‘సన్నీ రివర్’ 36 ప్రదర్శనలతో ముగిసెను. ఆయన కాలము చెల్లిపోయినదని రంగస్థల ప్రపంచమున పలువురు భావించిరి. అయినను ఆయన నిరాశపడి కలము విడువలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రమున డాయిల్స్‌టౌన్ చెంత తాను కొనిన వ్యవసాయక్షేత్రమున నివసించుచు వ్రాయుచునే యుండెను.

ఆ సమయమున రిచర్డు రాడ్జర్స్ అను స్వరకర్త ఆయనను పిలిచెను. రాడ్జర్స్‌కు చిరకాల సహచరుడైన లారెంజ్ హార్ట్ ఆరోగ్యము చెడి, క్రొత్త నాటకమునకు పూనుకొనలేకపోయెను. పశ్చిమ సీమలోని రైతులు, పశువుల కాపరులు ఈ నాటకమున పాత్రలు. అంతవరకు అమెరికాలో సాధారణముగా స్వరకర్త ముందు వరుస కట్టగా, గేయకర్త దానికి మాటలు కూర్చెడివాడు. వీరిరువురు ఆ క్రమమును తలక్రిందులు చేసిరి. పాత్ర ఏమి చెప్పదలచినదో హామర్‌స్టైన్ ముందు వ్రాయును; ఆ మాటలలోని లయను పట్టి రాడ్జర్స్ వరుస కట్టును.

మొదటి పాట వ్రాయుటకు హామర్‌స్టైన్‌కు మూడు వారములు పట్టెను. తెల్లవారుజామున పొలము అందమును వర్ణించు ఆ పాటలో మొక్కజొన్న ఎంత ఎత్తు పెరిగినదో చెప్పవలసివచ్చెను. ముందుగా గుర్రమును ఉపమానముగా తీసికొనెను. అది సరియో కాదో తెలిసికొనుటకు పొరుగువారి చేనికి నడచిపోయి చూడగా, పైరు అంతకంటె ఎత్తుగా ఉండెను. వెంటనే గుర్రమును తీసివేసి ఏనుగును చేర్చెను. ఇట్లు మూడు వారములు శ్రమించి వ్రాసిన పాటకు రాడ్జర్స్ పది నిమిషములలో వరుస కట్టెనని ప్రసిద్ధి. వేగము ఒకరి గుణము, ఓర్పు ఒకరి గుణము. పాటకు రెండును అవసరమయ్యెను.

1943వ సంవత్సరము మార్చి 31వ తేదీన ఆ నాటకము ‘ఓక్లహోమా’ అను పేరున వెలువడెను. తెర లేవగానే నర్తకీమణుల గుంపు కనిపించుట నాటి ఆచారము. ఇందు తెర లేవగా ఒక వృద్ధురాలు మజ్జిగ చిలుకుచు ఒంటరిగా కూర్చుండియుండెను. తెర వెనుకనుండి ఒక యువకుని పాట మెల్లగా వినిపించెను. ప్రేక్షకులు ముగ్ధులైరి. ఆ నాటకము 2,212 ప్రదర్శనలు పొందెను. నాటివరకు బ్రాడ్వేలో ఏ సంగీత నాటకమును అన్ని దినములు ఆడలేదు. ఇంతటి కీర్తి వచ్చినపుడు హామర్‌స్టైన్ ఏమి చేసెను? మరుసటి సంవత్సరము రంగస్థల పత్రిక యొకదానిలో ప్రకటన వేయించి, అందు తన విజయములను గాక, విఫలమైన తన నాటకముల పేర్లను, అవి ఆడిన కొలది వారములను ప్రచురించెను. అట్టి అపజయము తనకు మరల రావచ్చునని హాస్యముగా సూచించెను. పొగడ్తకు పొంగని స్వభావము ఆయనది.

1949లో ‘సౌత్ పసిఫిక్’ వెలువడెను. అందు అమెరికా సైనికాధికారి యొకడు పరజాతి కన్యను ప్రేమించియు, వర్ణద్వేషము వలన ఆమెను వివాహమాడలేక తల్లడిల్లును. ద్వేషము పుట్టుకతో వచ్చునది కాదనియు, పసితనముననే పెద్దలు దానిని నూరిపోయుదురనియు అతడు పాడును. ఈ పాట నాటకమునకు చేటు తెచ్చునని, దానిని తొలగింపుడని కొందరు హెచ్చరించిరి. నాటకము దెబ్బతినినను పాట ఉండవలసినదేయని రచయితలిరువురు పట్టుపట్టిరి. 1953లో జార్జియా రాష్ట్రమున కొందరు శాసనసభ్యులు ఆ పాటపై ఆగ్రహము వెలిబుచ్చిరి. అప్పుడును హామర్‌స్టైన్ వెనుకంజ వేయలేదు. నాటకము 1,925 ప్రదర్శనలు పొందెను. 1950లో పులిట్జర్ బహుమానమును గెలుచుకొనెను. ఆ పాట నేటికిని అందు నిలిచియున్నది.

హామర్‌స్టైన్ చేసిన మరియొక మేలు రంగస్థలముపై కనిపించునది కాదు. డాయిల్స్‌టౌనులో స్టీఫెన్ సాండ్‌హైమ్ అను బాలుడు ఆయన కుమారునకు మిత్రుడు. తలిదండ్రులు విడిపోవుటచే దిగులుతోనున్న ఆ బాలునికి హామర్‌స్టైన్ ఇల్లే స్వగృహమైనది. పదునైదవ యేట అతడు తన పాఠశాల కొరకు ఒక సంగీత నాటకము వ్రాసి, బ్రాడ్వేలో ప్రదర్శింపదగినదని మురిసిపోవుచు తెచ్చి చూపెను. తాను చదివిన వానిలో ఇంత చెడ్డది లేదని హామర్‌స్టైన్ స్పష్టముగా చెప్పెను. కాని అంతటితో విడిచిపెట్టలేదు. ఆ మధ్యాహ్నమంతయు ప్రక్కన కూర్చుండబెట్టుకొని పంక్తి పంక్తికి దోషము చూపి, కారణము వివరించెను. పిమ్మట నాలుగు నాటకములు వ్రాయుమని అభ్యాసము నిచ్చెను. మొదటిది మంచి నాటకము నాధారముగా చేసికొని, రెండవది లోపములున్న నాటకమును సరిదిద్ది, మూడవది నాటకము కాని కథనుండి, నాల్గవది స్వయముగా కల్పించి వ్రాయవలెను. ఆ బాలుడు సంవత్సరములు శ్రమించి వానిని పూర్తిచేసెను. 1957లో ‘వెస్ట్ సైడ్ స్టోరీ’కి పాటలు వ్రాసి, కాలక్రమమున ఆ శతాబ్దపు సంగీత నాటకకర్తలలో శ్రేష్ఠుడయ్యెను. 2021లో కన్నుమూయువరకు అతడును యువరచయితలకు తోడ్పడుచునే యుండెను. 2015లో బ్రాడ్వేకు వచ్చి ప్రపంచ ఖ్యాతి గాంచిన ‘హామిల్టన్’ కర్త లిన్ మాన్యుయెల్ మిరాండా అట్లు సలహాలు పొందినవాడే.

1959లో ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ తుది మెరుగులు దిద్దుకొనుచుండగా హామర్‌స్టైన్ జఠరమున కేన్సరు వ్యాధి పీడించుచుండెను. ఆ బాధలోనే, ఆల్ప్స్ పర్వతములయందు పూయు చిన్న తెల్లని పువ్వును గూర్చి ఒక పాట వ్రాసెను. అదియే ఆయన చివరి పాట. మాటలు మిక్కిలి సరళములగుటచే అది ఆస్ట్రియా దేశపు జానపద గేయమేయని నేటికిని పలువురు భ్రమపడుదురు. 1960వ సంవత్సరము ఆగస్టు 23వ తేదీన ఆయన తన క్షేత్రమున కన్నుమూసెను. సెప్టెంబరు 1వ తేదీ రాత్రి నాటకశాలల కూడలియైన టైమ్స్ స్క్వేరులో దీపములను ఒక నిమిషము ఆర్పి ఆ మహనీయునకు నివాళి యొసగిరి.

తన పాటకొరకు పొరుగు చేనివరకు నడచిన శ్రద్ధ, అపజయములను దాచని వినయము, న్యాయమని నమ్మిన మాటను విడువని ధైర్యము, తప్పును చెప్పి దిద్దుటకు ఒక మధ్యాహ్నమును వెచ్చించిన వాత్సల్యము, ఇవి హామర్‌స్టైన్ గుణములు. ఆర్పిన దీపములు మరుక్షణమే వెలిగినవి. ఆయన ఒక బాలునిలో వెలిగించిన దీపము చేతులు మారుచు నేటికిని వెలుగుచున్నది.