మొదట నిద్రలేచే ప్రోగ్రాం: గ్యారీ కిల్డాల్ కథ

పోయిన సెమిస్టర్ మినీ ప్రాజెక్టులో మా టీమ్‌కి ఒక చిన్న డెవలప్‌మెంట్ బోర్డు ఇచ్చారు. పవర్ ఆన్ చేసిన దగ్గర్నుంచి మా ప్రోగ్రాం స్క్రీన్ మీద కనిపించే దాకా 31 సెకన్లు పట్టేది. దాన్ని 10 సెకన్ల లోపుకి తీసుకురమ్మన్నారు మా గైడ్ సార్. ఆ పని మీదే నేనొక సెమినార్ ఇచ్చాను. బూటింగ్ చరిత్ర చెబుతూ మధ్యలో గ్యారీ కిల్డాల్ మీద ఒక జోక్ వేశాను. ఐబీఎం వాళ్లు ఆఫీసుకి వస్తే ఆయన విమానంలో షికారుకి వెళ్లిపోయాడని, ఆ ఒక్క రోజుతో బిల్ గేట్స్ జాతకం మారిపోయిందని చెప్పాను. క్లాసంతా నవ్వింది. తర్వాత ఆయన గురించి సరిగ్గా చదివితే తెలిసింది, నేను చెప్పింది తప్పని. క్లాసు ముందు తప్పు చెప్పాను కాబట్టి, ఇక్కడ సరిదిద్దుకుంటున్నాను.

కిల్డాల్ 1942 మే 19న అమెరికాలోని సియాటెల్‌లో పుట్టారు. వాళ్ల కుటుంబం ఓడలు నడిపేవాళ్లకి దారి లెక్కలు నేర్పే బడి నడిపేది. తాతగారు పెట్టిన బడి అది. గ్యారీ కూడా లెక్కల మాస్టారు అవుదామనే వాషింగ్టన్ యూనివర్సిటీలో చేరారు. అక్కడ కంప్యూటర్ చూశాక మనసు మారింది. వియత్నాం యుద్ధం రోజుల్లో నేవీకి చెయ్యాల్సిన సర్వీసు కింద కాలిఫోర్నియాలోని మాంటెరేలో నేవల్ పోస్ట్‌గ్రాడ్యుయేట్ స్కూల్లో పాఠాలు చెప్పడానికి వెళ్లారు. 1972లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. కంపైలర్ డిజైన్‌లో డేటా ఫ్లో ఎనాలిసిస్ చదివేవాళ్లకి ఇప్పటికీ ఆయన పేరుతో ఒక అల్గారిథమ్ ఉంది. 1973లో ఆయన రాసిన పేపర్ నుంచి వచ్చింది.

అప్పుడే ఇంటెల్ 4004 చిప్ మార్కెట్లోకి వచ్చింది. గది నిండా ఉండే కంప్యూటర్లతో పనిచేసినవాళ్లకి ఆ చిప్ బొమ్మలా అనిపించింది. కిల్డాల్‌కి మాత్రం అలా అనిపించలేదు. ఒకటి తెప్పించుకుని ప్రోగ్రాములు రాశారు. తర్వాత ఇంటెల్‌కి కన్సల్టెంట్‌గా వెళ్లి, ఆ చిప్‌ల కోసం పీఎల్/ఎం అనే భాష తయారుచేశారు. కానీ ఆ కంపైలర్ నడవాలంటే మళ్లీ పెద్ద కంప్యూటరే కావాలి. చిన్న మిషన్‌కి రాసే ప్రోగ్రాం ఆ చిన్న మిషన్ మీదే ఎందుకు రాయకూడదు? ఆయన్ని పట్టుకున్న ప్రశ్న ఇదే.

అడ్డం వచ్చింది డిస్క్. అప్పట్లో పేపర్ టేపుకి రంధ్రాలు కొట్టి ప్రోగ్రాం ఎక్కించేవాళ్లు. ఒక్క తప్పు దొర్లితే మళ్లీ మొదటికి. కిల్డాల్ 8 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ ఒకటి సంపాదించారు. దాన్ని చిప్‌తో కలిపే కంట్రోలర్‌ని స్నేహితుడు జాన్ టోరోడ్ తయారుచేశారు. 1974లో పసిఫిక్ గ్రోవ్ అనే చిన్న ఊళ్లో సీపీ/ఎం మొదటిసారి బూట్ అయ్యింది. దాన్ని కొనడానికి ఇంటెల్ ఆసక్తి చూపలేదు. గ్యారీ, ఆయన భార్య డొరతీ కలిసి సొంతంగా కంపెనీ పెట్టి అమ్మారు. అదే డిజిటల్ రీసెర్చ్.

నా ప్రాజెక్టుకి అసలు సంబంధం ఉన్న భాగం ఇక్కడే మొదలవుతుంది. ఒక్కో కంపెనీ కంప్యూటర్‌లో డిస్క్ కంట్రోలర్ ఒక్కోలా ఉండేది. కొత్త మిషన్ వచ్చిన ప్రతిసారీ సీపీ/ఎం మొత్తం తవ్వి మార్చాల్సి వచ్చేది. ఇమ్సాయ్ అనే కంపెనీ కోసం పనిచేస్తున్న రోజుల్లో కిల్డాల్ ఆ సిస్టమ్‌ని విడగొట్టారు. హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే భాగాన్నంతా ఒక పక్కకి తీసి, దానికి బయాస్ అని పేరు పెట్టారు. ఫైళ్ల సంగతి చూసుకునేది బీడాస్, మనం టైప్ చేసే కమాండ్లు అందుకునేది సీసీపీ. ఇక కొత్త బోర్డు వస్తే బయాస్ ఒక్కటి రాసుకుంటే చాలు, మిగతాది ముట్టుకోనక్కర్లేదు. ఇప్పుడు మనం లైనక్స్‌లో బోర్డు వివరాలన్నీ డివైస్ ట్రీ అనే విడి ఫైల్లో పెట్టడం వెనక ఉన్నదీ ఇలాంటి ఆలోచనే.

నాకు బాగా నచ్చింది వార్మ్ బూట్. అప్పట్లో మెమరీ చాలా తక్కువ, తొలి సీపీ/ఎం 16 కిలోబైట్లలో నడిచేది. అందుకని పెద్ద ప్రోగ్రాం వస్తే సీసీపీ ఉన్న చోటు కూడా వాడుకోనిచ్చేవారు. ప్రోగ్రాం అయిపోగానే సిస్టమ్ మొత్తం మొదట్నుంచి లేవదు. బయాస్ ఉన్నచోటే ఉంటుంది, పోయిన భాగాన్ని మాత్రం డిస్క్ మొదటి ట్రాకుల నుంచి మళ్లీ తెస్తుంది. ఉన్నదాన్ని మళ్లీ లోడ్ చెయ్యొద్దు, అక్కర్లేనిదాన్ని అసలే లోడ్ చెయ్యొద్దు. ఫాస్ట్ బూట్ గురించి నేను చదివిన ట్యుటోరియల్స్ అన్నిటి సారాంశం ఇంతే.

మా బోర్డు మీద మేం చేసింది కూడా అదే. యూ-బూట్ మనం కీ నొక్కుతామేమోనని 2 సెకన్లు ఊరికే ఎదురుచూస్తుంది, దాన్ని తీసేశాం. మా బోర్డులో లేని పరికరాల డ్రైవర్లు కెర్నల్ నుంచి తొలగించాం. సీరియల్ పోర్టుకి వందల లైన్ల మెసేజ్‌లు పంపడం ఆపేశాం. నెట్‌వర్క్ వచ్చేదాకా అందర్నీ ఆపుతున్న సర్వీసుని పక్కన పెట్టాం. 31 కాస్తా 9కి వచ్చింది. మధ్యలో ఒక దెబ్బ తిన్నాం. యూ-బూట్‌ని కీ నొక్కినా ఆగకుండా సెట్ చేసి, ఆ మీద తప్పు కెర్నల్ పెట్టాం. ఇక ఆపే దారి లేదు. మెమరీ కార్డు మొత్తం మళ్లీ రాసుకున్నాం.

ఇప్పుడు నా జోక్ సంగతి. 1980లో ఐబీఎం వాళ్లు పసిఫిక్ గ్రోవ్ వచ్చిన రోజు కిల్డాల్ నిజంగానే తన విమానంలో వెళ్లారు, కానీ షికారుకి కాదు. ఓక్లాండ్‌లో ఒక వ్యాపార భాగస్వామిని కలిసే పని ముందే ఉంది. ఒప్పందాల మాటలు మామూలుగా చూసేది డొరతీనే. ఐబీఎం ముందుపెట్టిన రహస్య ఒప్పందం ఒకవైపుకే మొగ్గి ఉందని ఆమె, లాయరు సంతకానికి వెనకాడారు. మధ్యాహ్నం తిరిగొచ్చి తాను కూడా కూర్చున్నానని కిల్డాల్ చెప్పారు. ఐబీఎం మనిషి జ్ఞాపకం వేరేగా ఉంది. ఏదేమైనా బేరం కుదరలేదు.

ఐబీఎంకి మైక్రోసాఫ్ట్ ఇచ్చిన డాస్ దాని సొంతది కాదు. సియాటెల్‌లోని ఒక చిన్న కంపెనీ నుంచి కొన్నది. దాన్ని రాసిన టిమ్ పాటర్సన్ సీపీ/ఎం ప్రోగ్రాములు సులువుగా మారేలా అదే పద్ధతిలో కాల్స్ పెట్టారు. కిల్డాల్ అభ్యంతరం చెప్పాక ఐబీఎం రెండూ అమ్ముతామంది. అమ్మకానికి వచ్చినప్పుడు పీసీ-డాస్ 40 డాలర్లు, సీపీ/ఎం-86 మాత్రం 240 డాలర్లు. ఇక ఎవరు ఏది కొంటారు?

ఆయన అక్కడితో ఆగిపోలేదు. కంప్యూటర్ క్రానికల్స్ అనే టీవీ కార్యక్రమంలో కొన్నేళ్లు సహ వ్యాఖ్యాతగా కనిపించారు. సీడీ మీద ఎన్‌సైక్లోపీడియా తేవడానికి మరో కంపెనీ పెట్టారు. 1988లో డిజిటల్ రీసెర్చ్ తెచ్చిన డీఆర్-డాస్‌ని రోమ్ చిప్‌లోనే పెట్టి నడపొచ్చు, అంటే బూట్ అవ్వడానికి డిస్కే అక్కర్లేదు. 1991లో కంపెనీని నోవెల్‌కి అమ్మేశారు. చివరి ఏళ్లు బాగా గడవలేదు, తాగుడు ఆయన్ని ఇబ్బందిపెట్టింది. 1994 జులైలో తలకి దెబ్బ తగిలి, మూడు రోజులకి 11న చనిపోయారు. వయసు 52.

డబ్బు ఎవరికి వచ్చిందన్న లెక్క తీస్తే ఆయన ఓడిపోయినట్టే కనిపిస్తుంది. సెమినార్‌లో నేను వేసుకున్న లెక్క అదే. కానీ ఎన్నో ఏళ్లపాటు మన పీసీలు ఆన్ చేయగానే మొదట లేచిన భాగానికి ఆయన పెట్టిన పేరే ఉండేది. మా ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో ఎఫ్2 నొక్కి అందులోకి వెళ్లినప్పుడల్లా ఆ మాట ఎక్కడిదని నేనెప్పుడూ ఆలోచించలేదు.

ఈ సెమిస్టర్ జూనియర్లకి అదే టాపిక్ చెప్పమన్నారు. ఈసారి ఆ జోక్ స్లైడ్ తీసేశాను. ఆ చోట వార్మ్ బూట్ బొమ్మ గీసి పెట్టాను.