టెంప్లేట్ వెనక మనిషి

ఈ సెమిస్టర్‌లో మా ల్యాబ్ సర్వర్ చూసుకునే పని నాకు పడింది. అందులో ప్రతి ప్రాజెక్ట్ టీమ్‌కి ఒక కంటైనర్ ఉంటుంది. కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు, అన్నీ సర్వర్ కెర్నల్‌నే వాడుకుంటాయి. మిగతా ఫైళ్లన్నీ ఓఎస్ టెంప్లేట్ నుంచి వస్తాయి. పాసై వెళ్లిపోయిన సీనియర్లు పెట్టిన మా టెంప్లేట్ డెబియన్ 9.

అప్‌డేట్ కమాండ్ కొట్టగానే వరసగా 404 ఎర్రర్లు. చూస్తే డెబియన్ 9కి సపోర్ట్ 2022లోనే అయిపోయింది, ప్యాకేజీలన్నీ ఆర్కైవ్ సర్వర్‌కి వెళ్లిపోయాయి. ఆ వెర్షన్ పేరు స్ట్రెచ్. దాని గురించి వెతుకుతుంటే, 2017లో వచ్చిన స్ట్రెచ్‌ని ఇయాన్ మర్డాక్‌కి అంకితం చేశారని తెలిసింది. డెబియన్ మొదలుపెట్టింది ఆయనే. ఇన్నాళ్లూ వాడుతున్నా నాకు ఆ పేరు తెలీదు!

ఇయాన్ 1973 ఏప్రిల్ 28న అప్పటి పశ్చిమ జర్మనీలోని కోన్‌స్టాంజ్‌లో పుట్టారు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో చదివారు. అప్పట్లో ఎస్ఎల్ఎస్ అనే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ చాలామంది వాడేవారు. అందులో బగ్స్ ఎక్కువ, పట్టించుకునేవాళ్లు తక్కువ. అందరిలా తిట్టుకుని ఊరుకోకుండా, 1993 ఆగస్టు 16న కొత్త డిస్ట్రిబ్యూషన్ చేస్తున్నానని ఇయాన్ ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు 20. అంటే నాకంటే ఒక్క ఏడాదే పెద్ద. గర్ల్‌ఫ్రెండ్ డెబ్రా పేరులో సగం, తన పేరు కలిపి డెబియన్ అని పెట్టారు. తర్వాత వాళ్లు పెళ్లి చేసుకున్నారు.

ఆయన గొప్పతనం కోడ్‌లో కంటే పద్ధతిలో ఉందనిపిస్తుంది. డిస్ట్రిబ్యూషన్ ఒక్కరి చేతిలోనో ఒక కంపెనీ చేతిలోనో ఉండకూడదని, అందరూ కలిసి బహిరంగంగా తయారు చేయాలని మేనిఫెస్టో రాశారు. సాఫ్ట్‌వేర్‌ని ప్యాకేజీలుగా విడగొట్టి, ఒక్కో ప్యాకేజీ బాధ్యత ఒక్కొక్కరు తీసుకునేలా చేశారు. 1996లో నాయకత్వం బ్రూస్ పెరెన్స్‌కి అప్పగించి తప్పుకున్నారు. అప్పటికి ఆయనకి ఇంకా 23 కూడా నిండలేదు.

తర్వాత ప్రోజెనీ అనే కంపెనీ పెట్టారు. అది ఎక్కువ కాలం నిలవలేదు. 2007లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో చేరి ఓపెన్‌సొలారిస్ మీద పనిచేశారు. చివరికి 2015 నవంబర్‌లో డాకర్ కంపెనీలో చేరారు. కంటైనర్లు అనగానే మనకి గుర్తొచ్చే డాకర్ అదే. దాని అఫీషియల్ ఇమేజ్‌లలో చాలా వాటికి అడుగున ఉండేది డెబియనే. అక్కడ చేరిన కొన్ని వారాలకే, డిసెంబర్ 28న, శాన్‌ఫ్రాన్సిస్కోలో చనిపోయారు. 42 ఏళ్లు.

మళ్లీ మా ల్యాబ్‌కి వస్తే, నేను డెబియన్ 12 టెంప్లేట్ దించి, పని అయిపోయిందని గ్రూప్‌లో గొప్పగా మెసేజ్ పెట్టేశా. మర్నాడు ఒక టీమ్ వాళ్లు తమ కంటైనర్‌లో ఇంకా 9 అనే చూపిస్తోందన్నారు. అప్పుడు అర్థమైంది. టెంప్లేట్ విప్పేది కంటైనర్ పుట్టినప్పుడు ఒక్కసారే. పిండి మార్చినంత మాత్రాన ముందే వేసిన దోశ మారదు కదా! పాత కంటైనర్లు ఒక్కోదానికి బ్యాకప్ తీసి, మధ్యలో వెర్షన్ దాటేయకుండా 9 నుంచి 10, 11, 12 అని మెట్టు మెట్టుగా ఎక్కించా. మూడు రాత్రులు పట్టింది. ఒక్క టీమ్ ప్రాజెక్ట్ కూడా పోలేదు.

తర్వాత కొత్త టెంప్లేట్‌లో మాకు కావలసినవి ఎక్కించి మళ్లీ ప్యాక్ చేశా. ప్యాక్ చేసే ముందు ఎస్ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, మెషీన్ ఐడీ, పాత లాగ్‌లు తీసేయాలని కూడా నేర్చుకున్నా. లేకపోతే అన్ని కంటైనర్లకీ ఒకే తాళంచెవి వెళ్తుంది.

ఆయన వదిలేసిన ఇన్నేళ్ల తర్వాత కూడా పాత డెబియన్‌ని చెరపకుండా కొత్తదానికి మార్చగలిగానంటే, తన తర్వాత వేరేవాళ్లు చూసుకునేలా ఆయన మొదలుపెట్టడం వల్లే. మా సీనియర్లు పెట్టిన టెంప్లేట్ మంచిదే, కానీ దాన్ని ఎలా చూసుకోవాలో ఎక్కడా రాసిపెట్టలేదు. రెండేళ్లలో నేనూ వెళ్లిపోతా. అందుకే ఏం మార్చానో, ఎప్పుడు మార్చానో, మళ్లీ ఎప్పుడు మార్చాలో ఒక ఫైల్‌లో రాసి సర్వర్‌లో పెట్టా. జూనియర్స్, పాస్‌వర్డ్ అడిగేముందు ఆ ఫైల్ చదవండి. చదివాక మీరూ ఒక లైన్ రాయండి.